ఈగ వీపు మీద ఒక్క వెంట్రుక

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు ఇక్కడ పెడతాను. ఎమ్మెస్సీ పూర్తి చేసి డ్రోసోఫిలా (పండ్ల ఈగ) ల్యాబ్‌లో చేరబోతున్నారు. నాడీవ్యవస్థ, ఇంద్రియాలు ఎలా తయారవుతాయన్నది మీ ప్రాజెక్టు. పేపర్లు తిరగేస్తుంటే జన్యువుల పేర్లు వందలకొద్దీ ఎదురవుతున్నాయి గానీ అసలు సంగతి పట్టుబడటం లేదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్న కణాల్లో ఒకటి నాడీకణం అవుతుంటే, దాని పక్కది చర్మంగా ఎందుకు మిగిలిపోతుంది? ఆ నిర్ణయం ఎవరిది? ఇదంతా ఈగలో తెలుసుకుంటే మనిషికి ఏమైనా పనికొస్తుందా?

పదిహేనేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ముందుగా ఒక సలహా: జన్యువుల జాబితా బట్టీ పట్టొద్దు. ఈగ వీపు మీద ఒక్క వెంట్రుకను తీసుకుని, అది ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచి చివరి దాకా అర్థం చేసుకోండి. కన్ను, చెవి, మెదడు దాకా చాలా విషయాలు ఆ దారిలోనే దొరుకుతాయి. "నిర్ణయం ఎవరిది" అన్నదానికి ఒక్క మాటలో జవాబు కావాలంటే, ఏ కణమూ ఒంటరిగా నిర్ణయించుకోదు. మొదట పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి ఆపుకుంటూ తేల్చుకుంటాయి. అలా నిలబడ్డ కణం విభజన చెందేటప్పుడు తన ఆస్తిని పిల్లలకు సమానంగా పంచదు. ఈ రెండు సంగతులే మిగతా కథ మొత్తాన్ని నడిపిస్తాయి.

ఈగే ఎందుకు అన్నదానికి పుస్తకాల్లో ఉండే జవాబు మీకు తెలిసిందే. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి పెద్ద ఈగ అవడానికి పది రోజులు. నాలుగే జతల క్రోమోజోములు. జీనోమ్ 2000లోనే చదివేశారు. మనుషుల్లో జబ్బులకు సంబంధం ఉన్న జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడొంతులకు ఈగలో పోలిన జన్యువు ఉంది. ఇవన్నీ నిజమే, కానీ మన విషయంలో అసలు కారణం ఇంకొకటని నా నమ్మకం. ఈగకు ఇంద్రియాలు చాలావరకు ఒంటి పైనే కనిపిస్తాయి. కోయక్కర్లేదు, రంగు వేయక్కర్లేదు. ఒక వెంట్రుక తగ్గినా పెరిగినా మామూలు మైక్రోస్కోప్ కింద ఇట్టే తెలిసిపోతుంది. నాడీవ్యవస్థ తయారీలో ఎక్కడో జరిగిన పొరపాటు ఈగ వీపు మీద రాసిపెట్టి ఉంటుందన్నమాట. 1910లో మోర్గాన్ కొలంబియా యూనివర్సిటీలో తెల్ల కళ్ల ఈగను పట్టుకున్నప్పటి నుంచీ వెంట్రుకల తేడా ఉన్న మ్యూటెంట్లను (జన్యువు మారిన ఈగలను) జనం ఏరి దాచిపెట్టగలిగారంటే కారణం అదే. అవి నాడీవ్యవస్థ మ్యూటెంట్లని చాలామందికి అప్పట్లో తెలియదు.

ఇప్పుడు ఈగను దగ్గర నుంచి చూద్దాం. కార్బన్ డయాక్సైడ్ ప్యాడ్ మీద నిద్రపుచ్చి, సన్న బ్రష్షుతో బోర్లా తిప్పండి. వీపు మీద రెండు రకాల వెంట్రుకలు కనిపిస్తాయి. పెద్దవి సగానికి 11 చొప్పున ఉంటాయి, ప్రతి ఈగలోనూ అవే చోట్ల. వీపు చివర త్రికోణంలా ఉండే స్కుటెల్లమ్ మీద నాలుగు పెద్దవి తప్పనిసరి. చిన్నవి వరుసల్లో, సగానికి సుమారు వంద. వాటి వరుస స్థిరమే గానీ ఒక్కోదాని చోటు అంత కచ్చితంగా ఉండదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్దదైనా చిన్నదైనా ఒక్కో వెంట్రుక ఒక పూర్తి ఇంద్రియం. అందులో నాలుగు కణాలుంటాయి. ఒకటి పైకి పొడుచుకొచ్చి వెంట్రుక అవుతుంది. ఒకటి దాని మొదట్లో ఉంగరంలాంటి గూడు కడుతుంది. ఒకటి నాడీకణం. ఇంకొకటి ఆ నాడీకణం కొసను చుట్టుకుని ఉండే తొడుగు. వెంట్రుక వంగితే దాని మొదట్లో అంటుకుని ఉన్న నాడీకణం కొస లాగబడుతుంది, అక్కడి అయాన్ ద్వారాలు తెరుచుకుంటాయి, మిల్లీసెకను లోపే కరెంటు మొదలవుతుంది. ఆ ద్వారాల్లో ముఖ్యమైన నాంప్‌సి అనే ప్రొటీన్‌ను 2000లో గుర్తించారు. తల తీసేసిన ఈగను నిలబెట్టి వీపు మీద ఒక పెద్ద వెంట్రుకను సన్నటి పోగుతో తాకితే, కాలు ఎత్తి సరిగ్గా ఆ చోటునే తుడుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఏ వెంట్రుక ఎక్కడుందో ఆ నాడీకణపు తీగ ఛాతీలోని నాడీ ముడికి చెప్పగలుగుతోంది, మెదడు అవసరమే లేకుండా.

సరే, ఆ నాలుగు కణాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఒకే తల్లి కణం నుంచి. దాన్ని ఎస్‌ఓపీ అంటారు, అంటే ఇంద్రియానికి మూలకణం. కాబట్టి ప్రశ్న రెండుగా చీలుతుంది. తల్లి ఎలా ఎంపికైంది? ఒక్క తల్లికి నాలుగు రకాల పిల్లలు ఎలా పుట్టాయి?

ఎంపిక లార్వా (పురుగు దశ) లోపలే మొదలవుతుంది. మూడో దశ లార్వాలో రెక్కకు, వీపులో సగానికి కలిపి ఒక చదునైన సంచి ఉంటుంది. దాన్నే రెక్క ఇమాజినల్ డిస్క్ అంటాం. అందులో వెంట్రుక రాబోయే ప్రతి చోటా 20, 30 కణాల గుంపు ఒకటి అకీట్, స్క్యూట్ అనే జన్యువులను ఆన్ చేసుకుంటుంది. ఈ జన్యువులు ఆన్ అవడమంటే "నేను నాడీకణం వైపు వెళ్లగలను" అనే అర్హత రావడం. అర్హత గుంపు మొత్తానికి ఉంటుంది, స్థానం మాత్రం ఒక్కదానికే.

ఆ గుంపులు అవే చోట్ల ఎందుకు వస్తాయన్నది ముప్పై పేజీల సంగతి, ఇక్కడ క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. అకీట్, స్క్యూట్ చుట్టూ ఉన్న డీఎన్ఏలో ఒక్కో చోటుకు ఒక్కో స్విచ్ ఉంది. ఒక స్విచ్ పోతే ఆ చోటి వెంట్రుకలే పోతాయి, మిగతావి క్షేమం. 1930 ప్రాంతాల్లో సెరెబ్రోవ్‌స్కీ, డుబినిన్ లాంటి సోవియట్ జన్యుశాస్త్రవేత్తలు స్క్యూట్ మ్యూటెంట్లను పోల్చి చూసి, ఒకే జన్యువు చెడితే ఒక్కోసారి ఒక్కో చోటి వెంట్రుకలు ఎందుకు పోతున్నాయని తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ చిక్కుముడి పూర్తిగా విడిపోవడానికి దశాబ్దాలు పట్టింది. 1950ల్లో కర్ట్ స్టెర్న్ కూడా ఈ వెంట్రుకలనే వాడాడు. ఒంట్లో కొంత మామూలు కణాలు, కొంత అకీట్ మ్యూటెంట్ కణాలు ఉన్న ఈగలను తయారుచేసి చూసి, ఎక్కడ వెంట్రుక రావాలో చెప్పే పటం చర్మంలో ముందే ఉంటుందని, ఆ పటాన్ని చదివే శక్తే మ్యూటెంట్ కణాలకు లేదని వాదించాడు. నా దృష్టిలో ఈ రంగంలో ఇప్పటికీ అంతకన్నా అందమైన వాదన లేదు.

ఇక ఆ 20, 30 కణాల్లోంచి ఒక్కటే ఎలా నిలబడుతుంది? ఇక్కడ నాచ్ వస్తుంది. రెక్క అంచున గాటు పడిన ఈగలను 1914లోనే గమనించారు. జన్యువుకు ఆ పేరు అలా వచ్చింది. 1930ల చివర్లో పౌల్సన్ అనే శాస్త్రవేత్త నాచ్ పూర్తిగా లేని పిండాలను చూసి, చర్మం కావాల్సిన కణాలు కూడా నాడీకణాలైపోయి ఆ పిండాలు చనిపోతున్నాయని రాశాడు. ఈ ఫలితాన్ని నెమ్మదిగా చదవండి. జన్యువు పోతే నాడీవ్యవస్థ తగ్గలేదు, పెరిగింది. అంటే నాచ్ పని నాడీకణాలను తయారుచేయడం కాదు, తయారవకుండా ఆపడం. ఆ పొరలోని కణాలను ఆపేవాళ్లు లేకపోతే అవన్నీ నాడీకణాలు కావడానికే సిద్ధంగా ఉంటాయి.

పని జరిగే తీరు ఇది. ప్రతి కణం పైనా డెల్టా అనే ప్రొటీన్, నాచ్ అనే గ్రాహకం రెండూ ఉంటాయి. నేనే ఒక కణాన్ని అనుకోండి. నా డెల్టా పక్కకణం నాచ్‌ను పట్టుకుని లాగితే, ఆ నాచ్ తెగుతుంది. లోపలి ముక్క కేంద్రకంలోకి వెళ్లి, సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్ అనే ప్రొటీన్‌తో కలిసి, అకీట్, స్క్యూట్‌లను మూసేసే జన్యువులను లేపుతుంది. అకీట్, స్క్యూట్ తగ్గితే ఆ పక్కకణానికి డెల్టా బలం కూడా తగ్గుతుంది, కాబట్టి అది నన్ను తిరిగి ఆపలేదు. నేను ఇంకా గట్టిగా ఆపుతాను. మొదట్లో ఉన్న వెంట్రుకవాసి తేడా ఇలా పెరుగుతూ పోయి చివరికి ఒక్క కణం మిగులుతుంది. దీన్ని లాటరల్ ఇన్‌హిబిషన్ అంటారు. చిన్న వెంట్రుకల చోటు అంత కచ్చితంగా ఎందుకు ఉండదో ఇప్పుడు ఊహించవచ్చు. అక్కడ అర్హత ఒక పొడవాటి చారలో ఉన్న కణాలన్నిటికీ వస్తుంది. ఎవరు నిలబడాలన్నది ఎక్కువగా పక్కవాళ్ల మధ్య తేలే విషయం. పెద్ద వెంట్రుకలకు మాత్రం గుంపులోపల కూడా చోటు దాదాపు ముందే రాసి ఉంటుంది.

ఇందులో "లాగడం" అన్న మాట ఊరికే వాడలేదు. డెల్టా ఉన్న కణం దాన్ని తన లోపలికి మింగాలి. ఆ మింగే బలంతోనే నాచ్ కోతకు వీలుగా విచ్చుకుంటుంది. షిబిరే అనే మ్యూటెంట్‌లో పొరను లోపలికి తెంచుకునే డైనమిన్ ప్రొటీన్ వేడికి పనిచేయడం మానేస్తుంది. ఆ ఈగలు వేడి చేసిన నిమిషాల్లో పక్షవాతం వచ్చినట్టు పడిపోతాయి, ఎందుకంటే నాడీకణాల మధ్య సందేశాల సంచులు తిరిగి తయారుకావు. అదే మ్యూటెంట్‌ను ఎదిగే దశలో వేడి చేస్తే నాచ్ పోయినట్టే నాడీకణాలు ఎక్కువైపోతాయి. ఒకే ప్రొటీన్, రెండు వేరే కథలు. పేపర్ చదివేటప్పుడు "ఈ జన్యువు ఫలానా పనికి" అని తేల్చి రాసుకోవద్దని మా విద్యార్థులకు ఎప్పుడూ చెప్తుంటాను. నోట్స్‌లో ఏ దశలో, ఏ కణంలో, ఏ పని అన్నది కూడా పక్కనే ఉండాలి.

నేను కొత్తగా చేరిన ఏడాది జరిగిన ఒక సంగతి చెప్పాలి. వేడికి చెడిపోయే నాచ్ మ్యూటెంట్ ఒకటి ఉంది. 18 డిగ్రీల్లో మామూలుగానే ఉంటుంది, 30 దాటితే నాచ్ పనిచేయదు. ప్యూపా దశలో (లార్వాకూ పెద్ద ఈగకూ మధ్య దశ) సరైన సమయానికి వేడి చేస్తే వీపు మీద వెంట్రుకలు గుబురుగా, కుచ్చులా రావాలి. నేను వేడి ఇంక్యుబేటర్‌లోకి ఆలస్యంగా మార్చాను, మార్చిన గంట కూడా సరిగ్గా రాసుకోలేదు. పుట్టిన ఈగల వీపు మీద కుచ్చులు లేవు సరికదా, మధ్యలో బట్టతలలా నున్నగా ఉంది. ఒక్క వెంట్రుక లేదు, గూడు కూడా లేదు. అసలు ఇంద్రియాలే ఏర్పడలేదని తేల్చేసి, ప్రయోగం పాడైందని చాలా బాధపడ్డాను. మూడు వారాల పని.

మా సీనియర్ అక్క మాత్రం ఆ ఈగల వయల్ (గాజు గొట్టం) పారేయనివ్వలేదు. "పెద్ద ఈగను కాదు, ప్యూపాను చూడు. ఎలావ్ వేసి చూడు" అంది. ఎలావ్ అనేది నాడీకణాల కేంద్రకాల్లో మాత్రమే ఉండే ప్రొటీన్. దాని యాంటీబాడీతో స్టెయిన్ చేస్తే నాడీకణాలు మాత్రమే వెలుగుతాయి. అదే వేడి చూపించిన ప్యూపా వీపు చర్మాన్ని జాగ్రత్తగా విప్పి, స్టెయిన్ చేసి, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెట్టాం. నున్నటి చోట చీకటి ఉంటుందనుకున్నాను. చుక్కలు చుక్కలుగా వెలిగిపోతోంది. ఒక్క నాడీకణం ఉండాల్సిన చోట నాలుగేసి, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. వెంట్రుక కావాల్సిన కణం, గూడు కావాల్సిన కణం, తొడుగు కావాల్సిన కణం అన్నీ నాడీకణాలైపోయాయి. పైన పొడుచుకొచ్చేది ఏదీ మిగల్లేదు కాబట్టి బయటికి నున్నగా కనిపించింది. ఈ రెండు ఫలితాలు, ముందు వేడి చేస్తే గుబురు, తర్వాత వేడి చేస్తే నున్నన, 1990లోనే హార్టెన్‌స్టైన్, పొసకోనీ చక్కగా ప్రచురించారు. చదివాను కూడా. అయినా ఆ తెరమీద చూసేదాకా నాకు అర్థం కాలేదు: నాచ్ తల్లి ఎంపికలో ఒకసారి, పిల్లల పంపకంలో మళ్లీ మళ్లీ పనిచేస్తుందని.

ఇప్పుడు ఆ పంపకం గురించి. తల్లి కణం రెండుగా విడిపోయే ముందు నంబ్ అనే ప్రొటీన్ పొర మీద ఒకవైపే అర్ధచంద్రాకారంలో పోగవుతుంది. 1989లో లిలీ జాన్, యూ నంగ్ జాన్‌ల ల్యాబ్‌లో ఈ జన్యువు దొరికింది. మ్యూటెంట్ పిండాల్లో స్పర్శ నాడీకణాలు లేకపోవడం వల్ల "మొద్దుబారిన" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1994లో అది విభజనలో ఒక్క పిల్లకే చేరుతుందని అదే ల్యాబ్ చూపించింది. నంబ్ చేరిన పిల్లలో నాచ్ ఆగిపోతుంది. చేరని పిల్లలో నాచ్ పనిచేస్తుంది. అంతే. ఈ ఒక్క తేడాతో మొదటి విభజనలో బయటి కణాల తల్లి, లోపలి కణాల తల్లి వేరవుతాయి. బయటి తల్లి మళ్లీ విడిపోయి వెంట్రుకను, గూడును ఇస్తుంది. లోపలి తల్లి ముందు ఒక గ్లియా కణాన్ని (నాడీకణాలకు తోడుండే రకం) వదిలేస్తుంది. వీపు మీద ఆ కణం తర్వాత చచ్చిపోతుంది. మిగిలింది విడిపోయి నాడీకణాన్ని, తొడుగును ఇస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా నంబ్ ఒకవైపుకే వెళ్తుంది. నాచ్ లేకపోతే అంతా నాడీకణాలే. నంబ్ లేకపోతే దానికి తలకిందులు, అంతా గూళ్లే. ఒక గూటి పక్కన ఇంకో గూడు, వెంట్రుక లేకుండా. పెద్ద ఈగలో ఇది కంటికి కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మరిచిపోరు.

మరి అన్ని ఇంద్రియాలూ వెంట్రుకలే ఎందుకు కావు? కట్ అనే జన్యువు ఉంటే బయటి వెంట్రుక రకం. అది పోతే పిండంలో ఆ కణాలు కార్డోటోనల్ అనే రకంగా మారతాయి. అంటే బయటికి కనిపించకుండా చర్మం కింద సాగదీతను పసిగట్టేవి. కార్డోటోనల్ రకానికి అర్హత ఇచ్చేది అకీట్, స్క్యూట్ కాదు, వాటి బంధువైన అటోనల్. దీన్ని 1993లో కనుగొన్నారు. ఈగ మీసంలోని రెండో కణుపులో ఉండే జాన్‌స్టన్ అవయవం ఇలాంటిదే, కొన్ని వందల నాడీకణాలతో. మగ ఈగ రెక్క ఆడించి పాడే పాటను ఆడ ఈగ వినేది దానితోనే. వాసన పట్టే మూడో కణుపులో అటోనల్‌తో పాటు ఏమోస్ అనే ఇంకో బంధువు పనిచేస్తుంది. ఈగ వాసన మీద తొలి మ్యూటెంట్లు 1970ల్లో ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో తీసినవి. రోడ్రిగ్స్ తర్వాత ఆ అవయవం ఎలా ఏర్పడుతుందన్న వైపు వెళ్లారు. వాసన మీద పని చేయాలనుకుంటే ఆవిడ పేపర్లతో మొదలుపెట్టండి.

కన్ను సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ వంశం కన్నా పొరుగే ముఖ్యం. ఈగ కన్ను 750 పైచిలుకు చిన్న కళ్ల కూర్పు. ఒక్కోదానిలో కాంతిని పట్టే కణాలు ఎనిమిది. మూడో దశ లార్వాలో కన్ను డిస్క్ మీద ఒక గాడి వెనక నుంచి ముందుకు అలలా కదులుతుంది. అది దాటిన చోట, కాసేపటికి, ఒక వరుస చిన్న కళ్లు మొదలవుతాయి. కాబట్టి ఒకే డిస్క్‌లో వెనకవైపు ముదిరినవి, ముందువైపు లేతవి, కాలమంతా ఒక్క స్లైడ్ మీద పరిచినట్టు ఉంటుంది. మొదట ఆర్8 అనే కణం అటోనల్ వల్ల ఎంపికవుతుంది. అది మిగతావాటిని జతజతలుగా చేర్చుకుంటుంది. చివరిది ఆర్7, అతినీల కాంతిని చూసేది. ఆర్8 మీద ఉండే బాస్ అనే ప్రొటీన్ పక్కకణం మీదున్న సెవెన్‌లెస్ గ్రాహకాన్ని తాకితేనే అది ఆర్7 అవుతుంది, లేకపోతే లెన్సు తయారుచేసే కణంగా మిగులుతుంది. ఆ తాకిడి లోపలికి ఎలా వెళ్తుందో వెతుకుతూ పోతే రాస్ దొరికింది. మనుషుల క్యాన్సర్లలో ఎక్కువగా చెడిపోయే జన్యువుల్లో ఒకటైన ఆ రాస్ దారిలో ఎవరి తర్వాత ఎవరో తేల్చడంలో ఈగ కన్ను పెద్ద పాత్ర పోషించింది.

ఐలెస్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది తరచూ తప్పుగా చెప్తారు. 1995లో వాల్టర్ గేరింగ్ బృందం ఈ జన్యువును కాళ్ల మీద, రెక్కల మీద, మీసాల మీద ఆన్ చేస్తే అక్కడ కళ్లు వచ్చాయి. ఎలుకలోని దాని జంట పాక్స్6 వేసినా వచ్చాయి, అదీ ఈగ కన్నే. ఎలుక కన్ను రాలేదు. "అదే కంటి జన్యువు" అనేస్తుంటారు. ఆ జన్యువు చేసింది "ఇక్కడ కన్ను మొదలుపెట్టండి" అని చెప్పడం. ఏ రకం కన్ను కట్టాలో ఆ జీవి కణాలకు తెలుసు. పాక్స్6 ఒక కాపీ చెడిన మనుషుల్లో కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ సరిగా ఏర్పడదు.

మెదడు, నాడీ దారం దగ్గరికి వస్తే మూలకణాలను న్యూరోబ్లాస్టులంటారు. వాటి ఎంపిక వెంట్రుక లాంటిదే, అకీట్-స్క్యూట్ కుటుంబం, నాచ్, డెల్టా. ఛాతీ, పొట్ట భాగాల్లో ప్రతి ఖండంలో సగానికి సుమారు 30 న్యూరోబ్లాస్టులు వస్తాయి. కానీ వెంట్రుక తల్లిలా అవి రెండు మూడు విభజనలతో ఆగవు, విడిపోతూనే ఉంటాయి. ఒక్కో పిల్ల వేరే రకం ఎందుకవుతుందంటే, తల్లిలో ప్రొటీన్లు కాలాన్ని బట్టి మారతాయి: హంచ్‌బ్యాక్, తర్వాత క్రుప్పెల్, తర్వాత పీడీఎం, తర్వాత కాస్టర్. పెద్దపిల్లకు హంచ్‌బ్యాక్ వాటా, తర్వాతిదానికి క్రుప్పెల్ వాటా. ఎలుక రెటీనాలో కూడా హంచ్‌బ్యాక్ బంధువైన ఇకారోస్ తొలి దశ కణాలకు అవసరమని 2008లో చూపించారు.

2024 అక్టోబరులో పెద్ద ఆడ ఈగ మెదడు పూర్తి పటం వచ్చింది: 1,39,255 నాడీకణాలు, 5 కోట్లకు పైగా కలయికలు. అంతకు ముందు ఏడాది లార్వా మెదడుది, 3,016 నాడీకణాలు. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ ఇవి పండగే. అయితే "పటం వచ్చేసింది, ఇక ఎదుగుదల మీద పనేముంది" అనే మాట మీకు తప్పక వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. పటం కట్టేసిన ఇల్లు. ఏ గోడ ముందు లేచింది, ఏ కణం ఏ తల్లిది, ఎవరు ఎవరిని ఆపారు అన్నది అందులో నేరుగా కనిపించదు. పటంలోని కణాలను వాటి తల్లుల వారీగా చూస్తే ఒకే తల్లి పిల్లల తీగలు గుంపులుగా ప్రయాణించడం తెలుస్తుంది. అక్కడే మీలాంటివాళ్లకు కొన్ని దశాబ్దాల పని ఉంది.

మనిషికి పనికొస్తుందా అన్నదానికి రెండు ఉదాహరణలు చాలు. అటోనల్ బంధువైన అటోహెచ్1 లేని ఎలుకల లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఏర్పడవని 1999లో తేలింది. ఆ ఎలుక జన్యువును అటోనల్ లేని ఈగలో పెడితే చాలావరకు దాని పని చేసింది. మన చెవిలో ఆ కణాలు ఒకసారి పోతే తిరిగి రావు కాబట్టి, వినికిడి తిరిగి తెప్పించే ప్రయత్నాల్లో ఈ జన్యువు మధ్యలో ఉంది.

రెండోది నాచ్. దాన్ని కోసే కత్తెరల్లో ఒకటి గామా సెక్రటేజ్. ఆల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ ముక్కను కోసేది కూడా అదే. ఆ కత్తెరను ఆపే సెమగసెస్టాట్ అనే మందును పెద్ద ఎత్తున రోగుల మీద పరీక్షించి 2010లో ఆపేశారు. రోగుల పరిస్థితి మెరుగవకపోగా దిగజారింది, చర్మ క్యాన్సర్లు పెరిగాయి. నాచ్ కూడా ఆగిపోవడం దీనికి ఒక ముఖ్యమైన కారణమని భావిస్తున్నారు. ఈగ వీపు మీద నున్నటి మచ్చను చూసినవాళ్లకు ఆ కత్తెరను ఒంటినిండా ఆపడమంటే ఎంత టెన్షన్ పడాల్సిన విషయమో వెంటనే తెలుస్తుంది.

హద్దులు కూడా ఉన్నాయి. ఈగకు న్యూరల్ క్రెస్ట్ (పిండంలోని ఒక కణాల గుంపు) లేదు, వెన్నెముక ఉన్న జీవుల్లో మెదడు, వెన్నుపాము బయట ఉండే చాలా నాడీకణాలు అక్కడి నుంచే వస్తాయి. మన చర్మపు స్పర్శ నాడీకణాల దేహాలు వెన్నుపూసల పక్కన ఉంటాయి, ఈగలో వెంట్రుక కిందే ఉంటాయి. జన్యువు కలిసినంత మాత్రాన అవయవం కలిసిందనుకోవద్దు.

చివరగా, చేరిన మొదటి నెల ఏం చేయాలో చెప్తాను. మ్యూటెంట్ జోలికి వెళ్లకుండా వారం రోజులు మామూలు ఈగలనే చూడండి. స్కుటెల్లమ్ మీద నాలుగు లెక్కపెట్టండి, వందల ఈగల్లో. ఎప్పుడో ఒకటికి ఐదు కనిపిస్తాయి. మామూలు ఈగలో ఆ తేడా ఎంత అరుదో చేతికి తెలియకపోతే, రేపు మీ మ్యూటెంట్‌లో కనిపించిన ఐదో వెంట్రుకకు అర్థం ఉందో లేదో చెప్పలేరు. ఇంకో జాగ్రత్త: మీ స్టాక్‌లో (పెంచుతున్న ఈగల్లో) మ్యూటెంట్ జన్యువు జారిపోకుండా కాపాడే బ్యాలెన్సర్ క్రోమోజోము ఏముందో వయల్ మీద పేరు చదివి ఊరుకోకుండా ఈగను చూసి తేల్చుకోండి. టీఎం3 అనే బ్యాలెన్సర్ మీద తరచూ స్టబుల్ గుర్తు ఉంటుంది, అది వెంట్రుకలను పొట్టిగా, లావుగా చేస్తుంది. కొత్తవాళ్లు దాన్నే తమ జన్యువు ఫలితమనుకుని నెలలు పోగొట్టుకుంటారు. ఆర్ఎన్ఏఐతో (జన్యువు సందేశాన్ని చెరిపేసే పద్ధతి) జన్యువును తగ్గించినప్పుడు ఒక్క ఈగల లైన్‌ను నమ్మొద్దు, జన్యువులో వేరే చోటును పట్టే రెండో లైన్‌తో అదే రావాలి.

వేళ్లు కుదురుకున్నాక ప్యూపా దగ్గరికి రండి. కదలడం ఆపి తెల్లగా గట్టిపడిన క్షణాన్ని సున్నా గంటగా రాసుకోండి, ఇంక్యుబేటర్ డిగ్రీలు కూడా పక్కనే. 25 డిగ్రీల్లో 16 గంటలప్పుడు వీపు మీది పెంకును కిటికీలా తెరిచి, చిన్న వెంట్రుకల తల్లి కణాలను లైవ్‌లో చూడండి. నంబ్‌కు తోడుండే పార్ట్‌నర్ ఆఫ్ నంబ్ అనే ప్రొటీన్‌కు ఆకుపచ్చ మెరుపు తగిలించిన స్టాక్ మీ ల్యాబ్‌లో ఉంటే అదే వాడండి. ఒకటి రెండు గంటల్లో ఒక్కో కణం అంచున నెలవంక ఏర్పడి, విభజన మొదలై, మెరుపంతా ఒక పిల్లలోకి వెళ్లిపోవడం కనిపిస్తుంది. నెలవంక తల వైపు రావాలి. మొత్తం వీపంతా వెనక్కి తిరిగి కనిపిస్తే కొత్త విషయం కనిపెట్టామని సంబరపడకండి, ప్యూపాను స్లైడ్ మీద తిప్పి పెట్టి ఉంటారు. అందుకే అంటించేటప్పుడే తల ఎటుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి.